సరుకుల చిట్టీతో మొదలుపెట్టి ఇంటి తిండిని సరిచేసుకునే పద్ధతి

పాలమూరులో గానీ నల్లగొండలో గానీ ఏ తల్లిదండ్రులను అడిగినా ఆకుకూరలు మంచివనీ, పిల్లలకు గుడ్డు పెట్టాలనీ, కిరాణం దుకాణం ముందు వేలాడే పాకెట్ల తిండి మంచిది కాదనీ తడుముకోకుండా చెబుతారు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలలు నిండి ఐదేళ్లు దాటని పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా అదే స్థితిలో ఉన్నారు. ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. మనకు ఏది మంచిదో తెలుసు. ఎంత తినాలో, ఇప్పుడు ఎంత తింటున్నామో మాత్రం తెలియదని నా అభిప్రాయం. ఆ ‘ఎంత’ తెలుసుకోవడానికి పెద్ద చదువు అవసరం లేదు. నెలనెలా కిరాణం దుకాణంలో ఇచ్చే సరుకుల చిట్టీ, ఒక పెన్సిలు ఉంటే చాలు.

ముందుగా పోయిన నెల చిట్టీని తీసి పెట్టుకోవాలి. చిట్టీ దొరక్కపోతే ఒక నెలపాటు ఖాళీ అయిన పాకెట్లను పారేయకుండా ఒక సంచిలో వేసి, నెలాఖరున వాటిని నేల మీద పరిచి లెక్కపెట్టాలి. రేషన్ బియ్యం, సొంత పొలం గింజలు, అంగట్లో కొన్న కూరగాయలు, పాలు, గుడ్లు, మాంసం కూడా అందాజుగా రాసుకోవాలి. మొదటిసారి ఇలా లెక్కపెట్టినప్పుడు మా ఇంట్లో నేల మీద పడ్డవి ఏమిటంటే, 5 ఖాళీ నూనె పాకెట్లు, ఇంకా సగం మిగిలి ఉన్న ఆరో పాకెట్, 3 కందిపప్పు కవర్లు, ఒక పల్లీల కవరు. బియ్యం 38 కిలోలు అయింది. మా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లం, పన్నెండేళ్ల అమ్మాయి, ఐదేళ్ల బాబు. నూనె పాకెట్లు పప్పు కవర్ల కంటే ఎక్కువ ఉన్నాయన్న సంగతి ఆ రోజు దాకా మా కంట పడనే లేదు.

ఇప్పుడు పక్కన పెట్టి పోల్చుకోవలసిన కొలత ఒకటి కావాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కిలో కాలరీలు అవసరమయ్యే మనిషికి సూచించిన పళ్లెంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉంటాయి. ధాన్యం, పప్పుల కొలతలు వండక ముందు తూచినవి. ఐదేళ్ల పిల్లవాడిని అర మనిషిగా వేసుకుంటే మా ఇల్లు మూడున్నర మనుషుల లెక్క. ఆ ప్రకారం నెలకు ధాన్యం 26 కిలోలు, పప్పు-గుడ్లు-మాంసం కలిపి 9 కిలోలు, పల్లీలు, నువ్వులు మూడున్నర కిలోలకు పైన, నూనె 3 లీటర్లు, రోజుకు కిలోన్నరకు కొంచెం తక్కువ కూరగాయలు, లీటరు పాలు కావాలి. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు కాబట్టి నెలకు అర కిలో చాలు. తొక్కులలో వేసే ఉప్పు కూడా ఇందులో భాగమే. ఎండలో పొలం పని, కూలి పని, మేస్త్రీ పని చేసేవారికి ధాన్యం ఇంతకంటే ఎక్కువ కావాలి, కాబట్టి ఆ ఇళ్లవారు 26 కిలోల అంకెను చూసి తమ అన్నాన్ని కోసుకోవలసిన పని లేదు. కానీ వాళ్లకైనా పప్పు 3 కిలోలే ఎందుకుండాలన్న ప్రశ్న అలాగే నిలబడుతుంది.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే మన ప్రాంతపు ఇళ్లలో చాలా వరకు ఒకే బొమ్మ కనిపిస్తుంది. బియ్యం, నూనె కొలతను దాటిపోతాయి. పప్పు, పల్లీలు, కూరగాయలు, పాలు సగానికి కూడా రావు. కడుపు నిండుతుంది గనుక ఎవరికీ లోటు తెలియదు. పచ్చిపులుసు పోసుకుని రెండుసార్లు అన్నం పెట్టించుకున్న పిల్లవాడు బాగా తిన్నాడనే అనుకుంటాం, నిజానికి ఆ పూట వాడికి అన్నం తప్ప వేరేది అందలేదు.

డబ్బు సంగతి కూడా చిట్టీలోనే తేలుతుంది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన పథకం కింద రేషన్ కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. నలుగురికి 24 కిలోలు. పైన చెప్పిన ధాన్యం లెక్కకు ఇది దాదాపు సరిపోతుంది. అంటే కార్డు ఉన్న ఇల్లు బయట బియ్యం బస్తా కొనడానికి పెట్టే డబ్బును పప్పుకూ గుడ్లకూ మళ్లించుకోవచ్చు. సన్నబియ్యం రుచిగా ఉన్నాయని మరో రెండు ముద్దలు ఎక్కువ తినడం మొదలైతే మాత్రం ఈ లాభం కంచంలోనే కరిగిపోతుంది.

తగ్గిన బియ్యం చోట ఏం చేరాలి

అన్నీ ఒకే నెలలో మార్చకూడదు. మొదటి నెలలో ఒక్క పనే పెట్టుకోవాలి: నూనె ఒక పాకెట్ తగ్గించి, పప్పు దినుసులు 2 కిలోలు పెంచాలి. ఇక్కడ పప్పు అంటే కందిపప్పు ఒక్కటే కాదు. కోస్గి, నారాయణపేట వైపు కందులు, చెలకల్లో బెబ్బర్లు, అనుములు, ఉలవలు, పెసర్లు మన నేల పంటలే. రోజూ పప్పుచారు వండితే అందులో నీళ్లే ఎక్కువ, పప్పు తక్కువ. దాని బదులు గుడాలు అలవాటు చేసుకోవడం మేలు. రాత్రి నానబెట్టిన బెబ్బర్లనో శనగలనో పొద్దున ఉప్పేసి ఉడికించి, సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో పోపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండితే పాకెట్ అడిగే చేయి కొంతసేపైనా గిన్నె వైపు వస్తుంది. నానబెట్టడం వల్ల గింజల్లో ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం కొంత తగ్గుతుంది. మొలకెత్తిస్తే ఇంకా తగ్గుతుంది. గుడ్లు తినే ఇల్లయితే, ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 30 గ్రాముల కందిపప్పులోనూ దాదాపు అంతే. ఆదివారం ఒక్కనాడు కిలో కోడికూర వండుకుని, మిగతా ఆరు రోజులు పచ్చిపులుసుతో గడిపే పద్ధతి కంటే ఆ డబ్బులో సగాన్ని రోజూ గుడ్డుగా మార్చుకోవడం పిల్లలకు ఎక్కువ ఉపయోగం.

ధాన్యంలో కూడా బియ్యాన్ని కొంత జొన్న, సజ్జ, తైదలతో మార్చుకోవాలి. తైదల్లో, అంటే రాగుల్లో, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది లేనట్టే లెక్క. సజ్జల్లో ఇనుము ఎక్కువ. అయితే చిరుధాన్యాల మీద ఇటీవల పెరిగిన మోజుతో వాటిని మందుల్లా చూడడం నాకు నచ్చదు. జొన్నరొట్టెను కారంతోనూ తొక్కుతోనూ మాత్రమే తిని బతికిన దక్కన్ పేదల్లో చర్మం దెబ్బతినే పెల్లాగ్రా అనే పోషకలోప వ్యాధి కనిపించేది. 1960ల్లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త సి. గోపాలన్ దాని కారణాల మీద పరిశోధించారు. జొన్న మంచిదే, కానీ పక్కన పప్పో పాలో కూరో లేని రొట్టె ఏ కాలంలోనూ పూర్తి తిండి కాలేదు.

రొట్టె చేయడం రాని కొత్త తరం తల్లులూ, తండ్రులూ ఇక్కడే ఆగిపోతారు. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే జిగురు ఉండదు కాబట్టి చన్నీళ్లతో కలిపితే విరిగిపోతుంది. నీళ్లు తెర్లనిచ్చి, పిండిలో కొద్దికొద్దిగా పోస్తూ గంటెతో కలిపి, చేయి పట్టగలిగే వేడికి వచ్చాక పీట మీద బలంగా మెదపాలి. ముద్ద అంచు పగలకుండా ఉందంటే పిండి సిద్ధమైనట్టు. పొడిపిండి చల్లి అరచేత్తో కొడుతూ వెడల్పు చేసి, పెనం మీద వేసిన వెంటనే పైభాగాన్ని తడిబట్టతో తుడవాలి. నెల దాటిన పిండి ఎంత మెదిపినా పగులుతుంది, అందువల్ల రెండు వారాలకు సరిపడేంతే పట్టించుకోవాలి. ఇంట్లో పిల్లలకు చిన్న ముద్ద ఇచ్చి తమ రొట్టె తాము కొట్టుకోమంటే, అది ఏ ఆకారంలో వచ్చినా వదలకుండా తింటారు. మా బాబు మొదట తిన్న జొన్నరొట్టె వాడు కొట్టిన, నాలుగు మూలలున్న రొట్టే.

ఇనుము ఒంటికి పట్టాలంటే

ఆకుకూర, పప్పు, సజ్జల్లోని ఇనుము మాంసంలోని ఇనుములా సులువుగా ఒంటికి పట్టదు. దానికి సి విటమిన్ తోడు కావాలి, చాయ్ దూరంగా ఉండాలి. సి విటమిన్ మన దగ్గర కొదవ లేదు. నకిరేకల్ నిమ్మకాయలు, నల్లగొండ బత్తాయి తోటలు, శీతాకాలంలో ఉసిరికాయలు, జామకాయలు ఉన్నాయి. పప్పులో నిమ్మకాయను దించాకే పిండాలి, ఎందుకంటే మరిగితే సి విటమిన్ చాలా వరకు పోతుంది. బత్తాయిని రసం తీసి చక్కెర కలిపి ఇవ్వడం కంటే తొనలుగా తినిపించడం మంచిది. చాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి కాబట్టి భోజనానికి ముందూ వెనకా గంటసేపు చాయ్ తాగకూడదు. పొద్దున బడికి వెళ్లే పిల్లలకు చాయ్‌లో బిస్కెట్లు ముంచి పెట్టడం మన ఊళ్లలో ఎంత మామూలైందంటే దాన్ని ఎవరూ తప్పుగా కూడా చూడరు. కానీ అది ఉదయపు తిండి కాదు. రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి, పక్కన పిడికెడు పల్లీలు పెట్టినా దానికంటే ఎన్నో రెట్లు నయం. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లీలు పండించే ఇళ్లలోనే పిల్లలు పల్లీలు తినకుండా పెరగడం నాకు ఇప్పటికీ విచిత్రంగా తోస్తుంది. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం పల్లీలను దంచి పొడిగానే ఇవ్వాలి, గింజ గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

ఆకుకూరల్లో పాలకూర దగ్గరే ఆగిపోవద్దు. తోటకూర, మెంతికూర, పుంటికూర, గంగవాయిలి, పొన్నగంటి, మునగాకు ఒక్కొక్కటి ఒక్కో కాలంలో చవకగా దొరుకుతాయి. అంగడి రోజున రెండు రకాలు తెచ్చుకుంటే వారంలో మూడు పూటలకు వస్తుంది.

నల్లగొండ వైపు నీళ్ల సంగతి

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వంటి మండలాల వారు తిండి లెక్కలో నీటిని కూడా చేర్చుకోవాలి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఈ మండలాల బోరు నీళ్లలో అంతకు మించి ఉండడం వల్లే తరాల తరబడి పళ్లు, ఎముకలు దెబ్బతిన్నాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు వచ్చాక తాగడానికి నల్లా నీళ్లు, వంటకు, చాయ్‌కి బోరు నీళ్లు వాడే ఇళ్లు ఉన్నాయి. ఇది పొరపాటు. అన్నం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకునేది ఆ నీటినే. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, ఆవిరి పోయిన కొద్దీ మిగిలిన నీటిలో అది చిక్కబడుతుంది. అందువల్ల వంటకూ నల్లా నీళ్లే వాడాలి. పాలు, పెరుగు, తైదలు, నువ్వుల ద్వారా కాల్షియం, నిమ్మ, ఉసిరి ద్వారా సి విటమిన్ బాగా అందే పిల్లల మీద ఫ్లోరైడ్ ప్రభావం కొంత తక్కువగా ఉంటుంది. అలాగని అవి మంచి నీళ్లకు బదులు కావు.

ఆరు నెలలు నిండిన బిడ్డకు

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అవసరం లేదు. ఏడో నెల నుంచి రెండో ఏడు నిండే దాకా ఉన్న కాలమే అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేదీ అప్పుడే. బిడ్డ పొట్ట చిన్నది. ఆ చిన్న పొట్టను పప్పు తేటతోనూ చారు నీళ్లతోనూ నింపితే బరువు పెరగడం ఆగిపోతుంది. మెత్తగా మెదిపిన పప్పన్నాన్ని చెంచాతో తీసి, చెంచాను పక్కకు వంచి చూడాలి. జారి కారిపోతే అది పలుచన, అంటుకుని నిలిచి మెల్లగా జరిగితే సరైన చిక్కదనం. అందులో అర చెంచా నెయ్యి గానీ నూనె గానీ కలపాలి. మొదట రెండు మూడు చెంచాలతో రోజుకు రెండు మూడు సార్లు పెట్టి, తొమ్మిదో నెలకు సగం గిన్నె చొప్పున మూడు నాలుగు సార్లకు, ఏడాది నిండాక ముప్పావు గిన్నె నుంచి నిండు గిన్నెకు పెంచాలి. బాగా ఉడికిన గుడ్డు, ఆకుకూర, మెదిపిన పండు కూడా ఏడో నెల నుంచే పరిచయం చేయవచ్చు. ఏడాదిలోపు తేనె నాకించకూడదు, ఉప్పు, చక్కెర వేయనక్కర లేదు. రెండేళ్ల దాకా తల్లిపాలు కొనసాగించాలి.

అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతం ఆ బిడ్డ కోసమే ఇస్తారు. ఇంట్లో అందరూ తలా కొంచెం తింటే బిడ్డకు వారం రోజులు కూడా రాదు. దానిలో చక్కెర ముందే ఉంటుంది, మళ్లీ వేయకూడదు.

కంచం దగ్గర

ఏం వండాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలో పిల్లలకు వదిలేయాలి. ఈ రెండో సగం మనకు కష్టం. “ఇంకొక్క ముద్ద, నాయనమ్మ పేరు మీద ఒక ముద్ద” అంటూ ఫోన్ చూపించి కుక్కిన పిల్లలకు తమ ఆకలి, తమ నిండుదనం తెలియకుండా పోతాయి. సోరకాయ వద్దంటే తిట్టకుండా, బదులు వేరే వండకుండా, ఒక చిన్న ముక్క కంచంలో ఉంచి ఊరుకోవాలి. కొత్త రుచి పిల్లల నాలుకకు అలవాటు కావడానికి పది, పదిహేను సార్లు పట్టవచ్చు. మనం రెండోసారికే “మా వాడు తినడు” అని తేల్చేస్తాం. కూర తింటే చాక్లెట్ ఇస్తానని బేరం పెడితే కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టవుతుంది. తండ్రి తన కంచంలో కూర పక్కకు నెట్టి తొక్కుతో తింటే కొడుక్కి ఎన్ని చెప్పినా లాభం లేదు.

వడ్డించే మనిషి వంతు గురించి కూడా ఒక పని చేయాలి. మన ఇళ్లలో తల్లి చివరన తింటుంది, అప్పటికి గిన్నెలో అన్నం మిగులుతుంది గానీ పప్పు అడుగంటి ఉంటుంది. వంట దించగానే ఆమె వంతు పప్పు, కూర, గుడ్డు ఒక గిన్నెలో తీసి మూతపెట్టడం ఇంట్లో ఎవరైనా చేయగలిగిన పని. గర్భిణి ఉన్న ఇంట్లో తప్పనిసరిగా చేయవలసిన పని. ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. అక్కడ తిన్నదని ఇంట్లో ఆమె పాలు తగ్గించకూడదు.

పాకెట్ల విషయంలో నిషేధం పనిచేయదు, చదవడం నేర్పడం కొంత పనిచేస్తుంది. పాకెట్ వెనక పదార్థాల పేర్లు ఎక్కువ బరువున్న వాటి నుంచి తక్కువ బరువున్న వాటికి వరుసగా ఉంటాయి. ముందు భాగంలో రాగి బొమ్మ ఉండి, వెనక మైదా, చక్కెర, పామాయిల్ తర్వాత ఎక్కడో రాగిపిండి ఉంటే అది మైదా బిస్కెట్టే. 100 గ్రాములకు చక్కెర 25 గ్రాములని ఉంటే ఐదారు చిన్న చెంచాల చక్కెర అని పిల్లల ముందే గిన్నెలో పోసి చూపాలి. మా అమ్మాయి ఇప్పుడు దుకాణంలో పాకెట్ తిప్పి చదివిన తర్వాతే కొంటుంది, కొనడం మానలేదు.

తిండితో మాత్రమే తీరని చోట

అంగన్‌వాడీలో బిడ్డను నెలనెలా తూకం వేయించి, ఆ తూకం గుర్తుపెట్టే కార్డులోని గీత పైకి పోతోందో లేదో మనమే చూడాలి. పుట్టినప్పటి బరువు ఐదో నెలకు దాదాపు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు కావాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల బిడ్డ జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువగా ఉంటే జాగ్రత్త పడాలి, 11.5 కంటే తక్కువైతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐదేళ్లలోపు పిల్లల్లో, గర్భిణుల్లో హిమోగ్లోబిన్ 11 కంటే, మిగతా ఆడవాళ్లలో 12 కంటే తక్కువగా ఉంటే అది రక్తహీనత. అప్పటికే తగ్గిన రక్తాన్ని ఆకుకూరలతో మాత్రమే నింపలేము. ఇనుము మందు, నులిపురుగుల మాత్ర డాక్టరు లేదా ఆశా కార్యకర్త చెప్పినట్టు వేయాలి.

రెండో నెల చిట్టీ రాసేటప్పుడు మొదటి నెల కాగితాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో వరుస పోల్చాలి. పెంచిన పప్పు డబ్బాలో మిగిలే ఉంటే దాని మీద ఇంకో కిలో రాయకూడదు. ఏ పూట వండలేదో, ఎందుకు వండలేదో చూడాలి. మా ఇంట్లో అది ఎక్కువగా బుధవారం రాత్రి. గురువారం అంగడికి ముందు రోజు కూరగాయలు అయిపోయి పచ్చిపులుసుతోనే సరిపెట్టుకునేవాళ్లం. ఇప్పుడు మంగళవారం రాత్రే ఉలవలు నానబెడుతున్నాము.